మగపెళ్ళివారి కండువా

అమలాపురంలో మాణిక్యాలరావు ఒకే మెమరీని నలుగురికి అమ్మాడు. అదీ పట్టపగలు, నవ్వుతూ.

టెంట్ హౌస్ రోజుల నుంచీ ఆయన విద్య అదే. మూడు పెళ్ళిళ్ళ కుర్చీలతో అయిదు పెళ్ళిళ్ళు ఒప్పుకునేవాడు. జనం భోజనాలకు లేవగానే వెనక వరసల మీద కండువాలు పరిచి, "మగపెళ్ళివారి తాలూకండీ" అనేవాడు. కోనసీమలో మగపెళ్ళివారి కుర్చీలో కూర్చునే మొనగాడెవడు? కాసేపటికి ఆ కుర్చీలు మెల్లగా ట్రాక్టరెక్కి ఇంకో పెళ్ళికి పోయేవి.

ఇప్పుడు టెంట్ హౌస్ వెనకగదిలో పెద్ద కంప్యూటరు పెట్టాడు. దాన్ని నాలుగు కంప్యూటర్లుగా చూపించే హైపర్‌వైజర్ అనే ప్రోగ్రామును ఇంజనీరు సత్యప్రియ నడుపుతోంది. రావులపాలెం అరటి వ్యాపారి, ముమ్మిడివరం రొయ్యల మేత డీలరు, ఒక కోచింగ్ సెంటరు, ఒక స్కానింగ్ సెంటరు ఎక్కడివాళ్ళక్కడే కూర్చుని ఇంటర్నెట్‌లో దాన్ని వాడుకుంటారు. యంత్రంలో మెమరీ అంతా మీకేనని నలుగురికీ చెప్పాడు.

"అందరూ ఒకేసారి అడిగితేనండీ?" అంది సత్యప్రియ మొదట్లో.

"కండువా వెయ్యమ్మా!"

ప్రోగ్రాములో కండువా ఉండనే ఉంది. దాని పేరు బెలూను. అది ఒకరి మెమరీలో ఉబ్బి కూర్చుంటే, చోటు నిండిందనుకుని వాళ్ళు సర్దుకుంటారు. ఆ చోటు ఇంకొకరికి పోతుంది.

"లోపలున్నవాడికి అంతా తనదే అన్నట్టు కనబడాలి. అదీ వ్యాపారం!" అని మురిసిపోయాడు మాణిక్యాలరావు.

"ఆయ్," అంది సత్యప్రియ. దుమ్ము పడితే యంత్రం పాడైపోద్దండీ అని గదికి తాళం వేసి, తాళంచెవి తనే ఉంచుకుంది. ముందుగదిలో తన తెర మీద అన్నీ కనబడుతుంటే ఆయనకు ఆ గదితో పనేముంది?

ఈమధ్య నలుగురి పనీ నత్తనడక. నలుగురూ కూడబలుక్కుని, యంత్రం చూడ్డానికి సాయంత్రం వస్తున్నామని ఫోన్ చేశారు. మాణిక్యాలరావుకు ముచ్చెమటలు పట్టాయి. పరువు పోతే రేపు కుర్చీలు కూడా ఎవరూ తీసుకోరు. బతుకులో మొదటిసారి నిజంగానే మెమరీ కొనుక్కొచ్చాడు. సత్యప్రియ సెలవులో ఉంది. తాళం పగలగొట్టించాడు.

ఏసీ చల్లగా నడుస్తోంది. యంత్రం మీద శుభ్రంగా కండువా కప్పి ఉంది. ఎంత పొందికైన పిల్ల అనుకుంటూ దాన్ని లాగాడు.

కింద తన టెంట్ హౌస్ కుర్చీ ఉంది.

సత్యప్రియకు ఫోన్ చేశాడు. "అమ్మాయ్, యంత్రం ఏదీ? తెర మీద ఇప్పటికీ మొత్తం కనబడుతోందే!"

"లోపలున్నవారికి అలాగే కనబడాలని మీరే చెప్పేరు కదండీ," అంది సత్యప్రియ మర్యాదగా. "రాజోలులో మా ఇంట్లో ఉందండీ. మీ దుకాణం మొత్తాన్నీ అందులోనే ఓ మూల సర్దేను. నాకు వేరే నలుగురు ఖాతాదారులున్నారు. మీది అయిదో పెళ్ళండీ."