నాలుగు బంతుల కప్పు

చెప్పిన జ్ఞాపకాన్ని చెప్పినట్టే ఆడించి చూపే ఆట కోర్టులు ఊరూరా వెలసిన కాలమది. యూనివర్సిటీ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టుకు తొలి కప్పు తెచ్చిన ఆఖరి బాస్కెట్ ఎవరు వేశారో, కొత్త కోర్టుకు వాళ్ల పేరే పెట్టాలని ఆటలు నేర్పే పీడీ స్వరూపరాణి పట్టుబట్టింది.

ఆనాటి అయిదుగురు ఆటగాళ్లనూ పిలిపించి, ఒక్కొక్కరి చేత కోర్టుకు కథ చెప్పించింది. నలుగురు తాతలు ఛాతీ విరుచుకుని, "నేనే వేశా" అన్నారు. అయిదో ఆయన దేవసహాయం తల గోక్కున్నాడు.

"నాకెక్కడ గుర్తుందమ్మా. గెలిచాం, అంతే."

కోర్టు వెలిగింది. అయిదుగురూ పడుచువాళ్లై మట్టినేల మీద ఉత్తకాళ్లతో పరుగెత్తారు. చివరి క్షణంలో నాలుగు బంతులు ఎగిరి ఒకే రింగులో పడ్డాయి. ఒక్క పాయింటుతో గెలిచిన ఆటను ఏడు పాయింట్లతో గెలిచారు. చూడవచ్చినవాళ్లు పడీపడీ నవ్వారు.

తన పంతం నవ్వులపాలైందనుకుంటూ స్వరూపరాణి ఆటను మళ్లీ వేయించింది, ఈసారి మెల్లగా. నాలుగు బంతులూ ఒక్కడి చేతుల్లోంచే బయల్దేరాయి. అతను దేవసహాయం.

"బంతి అందించింది వాడే కదమ్మా," అన్నాడొక తాత. "కోర్టుకు చెప్పాంగా, నీకు వేరే చెప్పాలా?"

మిగతా ముగ్గురూ తలూపారు.

సాయంత్రానికల్లా దేవసహాయం పేరుతో పలక గుమ్మం మీదికెక్కింది. దాన్ని ఎత్తి కట్టింది తానేనని ఆ నలుగురూ ఇప్పటికీ చెబుతారు.