పడవలో రెండో మనిషి

“ఆ పటం జర ఇటు తిప్పు,” అన్నది రత్నమాల, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ.

రోహిణి కంచాలు పక్కకు జరిపి, విశాఖ నుంచి చెన్నై దాకా ఉన్న తీరం పటాన్ని తల్లి వైపు తిప్పింది. సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలైంది. బస్సుల్లేవు. హైటెక్ సిటీలో రోహిణి ఆఫీసు వాళ్లు ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. చేద్దామంటే పుప్పాలగూడలో పొద్దుటి నుంచి కరెంటు లేదు. రత్నమాల రోడ్డు మీద వంటావార్పులో కూరగాయలు తరిగి అప్పుడే ఇల్లు చేరింది. చీర నిండా కట్టెల పొగ వాసన.

ఇరవై అడుగుల తెరచాప పడవ. ఇద్దరికే చోటు. కెప్టెన్ ఖాయం. రెండో మనిషిగా రోహిణి వెళ్లాలంటే మాత్రం అమ్మ ఊ అనాలి. ఈ ఒక్క ప్రయాణం కోసం మూడేళ్లుగా ప్రతి ఆదివారం హుస్సేన్‌సాగర్‌లో పడవ నడిపి చేతులు కాయలు కాయించుకుంది రోహిణి.

“ఎప్పుడు పోవుడు?”

“జనవరి ఆఖర్ల. తుఫాన్లు అయిపోతయి. గాలి ఎనక నుంచే తోస్తది.”

“గోదారి సముద్రంల కలిసే కాడ?”

“ఒడ్డుకు దూరంగ పోవాలె. ఇసుక మేటలుంటయి.”

“రోజుకు మనిషికి నీళ్లెన్ని?”

“నాలుగు లీటర్లు. పైన రెండ్రోజులకు సరిపడ ఎక్కువ పెడ్త.”

“గాలి ముదిరితే?”

“ముదరకముందే తెరచాప సగానికి కుదిస్త.”

కిటికీ దగ్గర విసనకర్రతో కూర్చున్న తండ్రి చంద్రయ్య నవ్వాడు. “పిల్లను గంత పరేషాన్ చేస్తవేంది రత్నా? ఇగ ఒప్పుకోరాదు?”

“నువ్వు ఊకో. సముద్రమంటే చెరువు గాదు.” రత్నమాల కూతురి కళ్లలోకి చూసింది. “నడి సముద్రంల కెప్టెనే నీళ్లల్ల పడితే? అప్పుడేం చేస్తవ్? ఏడుస్తవా?”

రోహిణి ఈ ప్రశ్న గురించి ఆలోచించని రాత్రి లేదు.

“ఏడ్చుడు తర్వాత. ముందుగాల తేలే ట్యూబు ఇసురుత. మనిషి మీద నుంచి కన్ను తియ్య. పడవ మళ్లించుకొచ్చి, తెరచాప దించి, పైకి గుంజుకుంట. ఒక్కదాన్నే అయినా సరే, గుంజుకుంట.”

రత్నమాల కూతురి అరచేతిని తిప్పి, కాయలు కాసిన చోట, అంతకన్నా ముదురు కాయలున్న తన వేలితో నిమిరింది.

“నీకు తెలివి లేదని కాదే, భయంల ఏం చేస్తవో అని నా ఫికర్. ఇగ లేదు. రాయి నీ పేరు.”

చంద్రయ్య ఉత్సాహంగా లేచి, హార్బర్‌లో ఇవ్వాల్సిన కాగితం తెచ్చి కూతురి ముందు పెట్టాడు. రోహిణి రెండో గీత మీద ముత్యాల్లాంటి అక్షరాలతో తన పేరు రాసింది.

పైన, కెప్టెన్ అన్నచోట, రత్నమాల అని ఉంది.