బర్కత్ నంబరు

"మీ నెట్టు ఊకెనే పోతలేదు సాబ్. ఇంకెవరో తమ కంప్యూటర్‌కు మీ ఐపీ నంబరే, అంటే నెట్టుల మీ కంప్యూటర్‌కున్న నంబరే పెట్టుకొని మీ లైన్ల సొచ్చిన్రు. గందుకే రౌటరు లొల్లి పెడుతుంది," అన్నడు మెకానిక్ జగన్, తెర మీది హెచ్చరికలు చూపిస్త.

"ఎవరో ఏంది? మేడ మీది కిరాయిదారే!" షంషుద్దీన్ ఉరిమిండు.

"పాస్‌వర్డ్ ఏం పెట్టిన్రు?"

"మా అబ్బా పేరు. నాయిన పేరైతే మర్వం గద."

"మరి నంబరు చివర ఏడు, ఎనభై ఆరు ఎందుకు పెట్టించుకున్నరు?"

"బర్కత్‌కు. మాకు ఏడెనిమిదారంటే బిస్మిల్లా, కలిసొచ్చే నంబరు. అబ్బా బండి కొన్నా, దుకాణం తెరిచినా అదే ఉండాలె."

తాజ్‌బీ చాయ్ కప్పులు పెట్టి, మొగని దిక్కు గాక నడిమి గోడ దిక్కు చూసింది. గోడకవతల మరిది ముజీబ్. ఇల్లు పంచుకున్నకాడి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు.

షంషుద్దీన్‌కు నవ్వొచ్చింది. అబ్బా పేరు, అబ్బా నంబరు రెండూ పట్టుకునేటోడు తమ్ముడొక్కడే. వేరే నంబరు పెట్టుకుంటే దొంగ దొరికేటోడే కాదు.

"పాస్‌వర్డ్ మార్చాల్నా సాబ్?"

"వద్దు, వాడుకోనీ. పిల్లల సదువులున్నయి వానికి."

"అయితే మీ నంబరు మారుస్త. ఏదైనా ఒకటే."

షంషుద్దీన్ దిగ్గున లేచిండు. వాకిట్లకు పోయి, ఇన్నేండ్లకు మొదటిసారి నడిమి గోడ మీది నుంచి తల పెట్టి పిలిచిండు.

"అరే ముజీబ్! నెట్టు ఎంతన్న వాడుకోరా. అబ్బా నంబరు మాత్రం పెద్దకొడుకుది!"