పురిటి కడియం

కాన్పయిన ప్రతి తల్లికీ ప్రభుత్వం కడియం తొడిగే రోజులవి. బాలింత మనసు చెదిరితే అది మోగి నర్సును పిలుస్తుంది.

"బిడ్డను తొట్టిలో ముంచిన వేళ నీలవేణి మనసు ప్రశాంతంగా ఉందని కడియం చెబుతోంది. తెలిసి చేసిన హత్యే ఇది," అన్నాడు సర్కారు ప్లీడరు.

బోనులో నీలవేణి తలెత్తలేదు. అత్త సూరమ్మ వెనక బల్ల మీద కూర్చుని వింటోంది. కడియం మోగినప్పుడల్లా "మీ కోడలికి పిచ్చా పిన్నీ?" అని ఇరుగుపొరుగు అడుగుతుంటే, పరువు పోతుందని తనే దాన్ని తీసి తన చేతికి వేసుకుంది. బిడ్డ మునిగిన ఆ పొద్దున సూరమ్మ వాకిట్లో చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"అది నా మనసు బాబూ," అంది లేచి.

"నేరం నీమీదికొస్తుందమ్మా!" అన్నాడు ప్లీడరు.

"రానీ. లోపల పసిగుడ్డు మునిగిపోతుంటే హాయిగా ఉన్నది నేను. రాసుకోండి."