పరస్థానం పెట్టిన బ్యాగు

లూర్దుమేరి ఇంటికి తాళం వేసి ఉంది.

అక్షయ తాళాన్ని పట్టుకుని లాగి చూసింది. ఊగింది తప్ప ఊడలేదు. తొమ్మిదింటికల్లా వీసా ఆఫీసులో ఉండాలి. పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు, జర్మనీ యూనివర్సిటీ పంపిన అడ్మిషన్ కాగితం, అన్నీ ఉన్న బ్యాగు ఆ తలుపు వెనకాల ఉంది.

"గట్టిగా తట్టమ్మే. బాత్రూంలో ఉంటుందేమో," అంది వెనక నుంచి తల్లి రాజలక్ష్మి.

"బయట బీగం ఏసుకోని లోపల బాత్రూంకి ఎట్ల పోతుందిమా?"

ఫోన్ చేసింది. తలుపు అవతలే రింగు వినబడింది. లూర్దుమేరి కొడుకు ఆంటోకి చేసింది. షోళింగనల్లూరులో నైట్ డ్యూటీ అతనికి. ఎత్తలేదు.

బ్యాగు ఎదురింట్లో ఉండటానికి కారణం రాజలక్ష్మే. ఆ రోజు అక్షయ రాశికి చంద్రాష్టమం. మంచి పని మీద గడప దాటకూడని రోజు. వీసా ఆఫీసువాళ్ళు పంచాంగం చూసి తేదీలివ్వరు కదా. అందుకని ముందురోజే మంచి వేళ చూసి బ్యాగును లూర్దుమేరి ఇంట్లో పరస్థానం పెట్టించింది. సామాను మంచి వేళకి గడప దాటితే ప్రయాణం మొదలైనట్టే లెక్క. ఆ తర్వాత మనిషి ఎప్పుడు కదిలినా దోషం ఉండదు.

"చంద్రుడికి జర్మనీతో ఏం పనిమా?" అని అక్షయ అడగకపోలేదు.

"నీకు తెలీదు, గమ్మునుండు," అని రాజలక్ష్మి లూర్దుమేరి వైపు తిరిగింది. "బ్యాగు ముందు పోవాల లూర్దూ, పిల్ల దాని వెనకాల పోవాల. బ్యాగు మళ్ళా మా గడప మాత్రం తొక్కకూడదు." ఒకటికి రెండుసార్లు చెప్పింది. లూర్దుమేరి సిలువ గుర్తు వేసుకుని రెండు చేతులతో అందుకుంది.

కింద ఆటో హారన్ మోగింది. "ఏం చేస్తా ఉండారు ఇంకా? మౌంట్ రోడ్డు నిండిపోతుంది!" అని కింద నుంచి అరిచాడు తండ్రి జయరామ్.

"లూర్దత్త ఇంటికి బీగం ఏసుండాది నాయనా! బ్యాగు లోపలుండాది!"

జయరామ్ రొప్పుతూ పైకొచ్చాడు. తలుపు చూశాడు, కూతురి ముఖం చూశాడు. "చర్చికి పోయుంటుంది. కొంచేపు చూస్తాం."

"ఈ పొద్దేమన్నా ఆదివారమా, చర్చికి పోయేదానికి?" అంది రాజలక్ష్మి.

"ఈ పొద్దు తప్పితే మళ్ళా ఎప్పుడు పిలుస్తారమ్మే?" అని కూతుర్ని అడిగాడు జయరామ్.

"రెండు నెలలకి. అప్పటికి ఆడ క్లాసులు మొదలైపోతాయి. సీటు ఉండదు నాయనా." అక్షయ గొంతులో ఏడుపు లేదు. మార్కులు చదివినట్టు చెప్పింది.

రాజలక్ష్మి కొంగు బిగించింది. "చర్చీ లేదు, ఏం లేదు. కడుపుమంట. పోయిన సంవత్సరం వాళ్ళ ఆంటోకి కెనడా వీసా రాలేదే? మన పిల్ల పోతా ఉందంటే ఎట్ల చూస్తుంది?"

"ఏం మాటమా అది? ఆఫీసులో ఏం అడుగుతారో, ఎట్ల చెప్పాలో నాకు నేర్పించిందే ఆంటో."

"నేర్పించినోడికే ఎక్కువ మండుతుంది."

రాజలక్ష్మి తమ ఇంట్లోకి పోయి మిరియాలు దంచే ఇనప రోకలి తెచ్చింది.

"వద్దు రాజీ. ఇంకొకరి ఇంటి బీగం అది."

"పిల్ల బతుకు కంటే బీగం ఎక్కువా? చేత కాకపోతే జరుగు."

రెండు దెబ్బలకి తాళం వంగింది. మూడో దెబ్బకి ఊడి ఆమె చేతిలోకి వచ్చింది. పై అంతస్తులో ఎవరో తలుపు తెరిచి, చూసి, మళ్ళీ మూసుకున్నారు.

లోపల ఒకటే గది. మాత పటం ముందు కొవ్వొత్తి సగం కాలి ఆరిపోయి ఉంది. పటం కింద కుర్చీ, కుర్చీ మీద మడత నలగని కొత్త తువ్వాలు. నిన్న లూర్దుమేరి బ్యాగును పెట్టింది ఆ తువ్వాలు మీదే. దాని మీద ఇప్పుడు మూర మల్లెపూలు తప్ప ఏమీ లేవు.

"చూసినావా? చూసినావా?" రాజలక్ష్మి మంచం కింద వంగింది. బీరువా తెరిచి చీరలు లాగి నేల మీద పడేసింది. బియ్యం డబ్బాలోకి కూడా చెయ్యి పెట్టింది. "దాచేసి పోయింది. నేను తోబుట్టువని నమ్మినానే దీన్ని!"

జయరామ్ గడప బయటే నిలబడ్డాడు. "పోలీసు స్టేషన్‌కి పోదామా?" అన్నాడు, ఎవరినీ చూడకుండా.

అప్పుడు అక్షయ ఫోన్ మోగింది. తెలియని నంబరు. స్పీకర్ నొక్కింది.

"పాపా, నేను లూర్దత్తని. లేచినావా? నా ఫోను ఇంట్లోనే మరిచిపోయినా. బ్యాగు మీద నీ నంబరు ఉంటే ఈడ వాచ్‌మెన్ కొట్టిచ్చినాడు."

"ఈడ అంటే యాడత్తా?"

"వీసా ఆఫీసు గేటు కాడ. మీ అమ్మే కదా చెప్పింది, బ్యాగు ముందు పోవాల, పిల్ల వెనకాల రావాలని? అందుకే ఫస్ట్ బస్సు పట్టుకోని వచ్చేసినా. వొడిలోనే పెట్టుకోని కూసోనుండా, ఒక్కసారి కూడా కింద పెట్టలేదు. మీరు పదట్టం లేకుండా, కంగారు పడకుండా నిదానంగా రండి."

రాజలక్ష్మి నేల మీది చీరల మధ్య నిలబడి ఉంది. వంగిపోయిన తాళం ఇంకా ఆమె పిడికిట్లోనే ఉంది.

"పాపా, లైన్లో ఉండావా? మీ అమ్మకి చెప్పు, వచ్చేటప్పుడు మా ఇంటి బీగం ఒకసారి లాగి చూసి రమ్మను. తొందరలో సరిగ్గా పడిందో లేదోనని ఒకటే మనసు కొట్టుకుంటా ఉండాది."