గడపకో పట్టుపోగు

ధర్మవరంలో ఆ మగ్గాల వీధిలో ఏ గుమ్మానికి చూసినా పట్టుపోగులే వేలాడుతున్నాయి. ఒకచోట గులాబి. ఒకచోట చిలకపచ్చ. ఇంకోచోట ఏ రంగో చెప్పలేని బురద రంగు.

"ఏంటమ్మా ఇవన్నీ? పండగా?" అని అడిగాడు శ్రీరంగప్ప. మునిసిపాలిటీకి కొత్తగా వచ్చిన శానిటరీ ఇన్‌స్పెక్టర్. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు అది. నిన్ననే చార్జి తీసుకున్నాడు. బావి నీళ్లు చెడ్డాయని ఈ వీధి పెట్టుకున్న అర్జీ మీద విచారణకు వచ్చాడు. ఊళ్లో ఎవరు ఎవరో ఇంకా తెలియదు.

"పండగ గాదు సార్. మేం తాగే నీళ్లు," అంది హనుమంతమ్మ.

నలభై ఏళ్ల మనిషి. కొంగు నడుముకు బిగించి ముందు నడుస్తోంది. వెనక వీధంతా నడుస్తోంది. ఈ పని మొదలుపెట్టింది ఆవిడే. మగ్గాల కింద రాలిన తెల్లపట్టు ముక్కలు ఏరి ఇంటింటికీ పంచింది. రాత్రి బావి నీళ్ల చెంబులో పోగు నానెయ్యాలి, పొద్దున గుమ్మానికి కట్టాలి. అంతే. చదువూ అక్కర్లేదు, గాజు సీసాలూ అక్కర్లేదు. రంగును పట్టు తాగినట్టు ఇంకేదీ తాగదని మగ్గాలవాళ్లకు ఒకరు చెప్పాలా?

"ఇది వంకకు అవతల బాయిది. సూడు సార్, తెల్లగా ఉండాది. ఇది ఆదెన్న ఇంటిది, లేత గులాబి. రంగుల కొట్టం దగ్గరికి పొయ్యేకొద్దీ ముదురుతాది. ఇంగ మా ఇంటి పోగయితే పెండ్లి చీరలో నెయ్యొచ్చు."

వీధి గొల్లుమంది.

"మొన్న మజ్జిగ చిలికితే పచ్చగా వచ్చె సార్," అంది ముసలి తిప్పమ్మ. "నా మనవడు సర్బత్తు అనుకోని ఇంగొక గలాసు అడిగినాడు. తాగినంక రెండు దినాలు మంచం దిగలేదు."

నవ్వు ఆగిపోయింది.

కొట్టం జయరాముడిది. పట్టుకు రంగులద్ది, మిగిలిన నీళ్లు తూములోంచి పక్కన వాగులా పారే వంకలోకి వదులుతాడు. వంక నీళ్లు బావుల్లోకి ఇంకుతాయి. ఇది ఊరందరికీ తెలుసు. తెలిస్తే సరిపోదు. ఎవరో ఒకరు పదిమందిలో, జయరాముడు వింటుండగా, ఫలానా మనిషి అని ఇన్‌స్పెక్టరుకు నోరు తెరిచి చెప్పాలి. చెప్పకపోతే విచారణ ఈ పూటతో సరి. వీధి మళ్లీ ఆ నీళ్లే తాగాలి.

జయరాముడు రానే వచ్చాడు. తెల్ల చొక్కా, ఎర్రటి వేళ్లు, మొహం నిండా నవ్వు.

"రాండి సార్, మా ఇంట్లో కాఫీ తాగుదురు."

"ఏ నీళ్లతో?" అన్నాడు శ్రీరంగప్ప.

జయరాముడి నవ్వు సగానికి తగ్గింది.

"వంకలోకి రంగునీళ్లు వదిలేది ఎవరు? చెప్పండి."

ఆదెన్న తన కాళ్లు చూసుకున్నాడు. పక్కవాడు ఆకాశం చూశాడు. వీధిలో ప్రతి మగ్గానికీ పట్టు ఇచ్చేది జయరాముడే. రేపు ఇవ్వనంటే మగ్గం ఆగుతుంది. అందరి కళ్లూ హనుమంతమ్మ మీదికి తిరిగాయి.

"నువ్వు చెప్పమ్మా. ఎవరు?"

"ఆయనే సార్."

"ఆయనంటే?"

"అదో, ఆ తెల్ల చొక్కా ఆయన."

"తెల్ల చొక్కాలు ఇక్కడ చాలా ఉన్నాయి. పేరు చెప్పాలి."

ఇంతసేపూ వీధిని ఏలిన మనిషి తల వంచుకుంది.

"పేరు మాత్రం అడగొద్దు సార్. ఇంగేమన్నా అడుగు."

శ్రీరంగప్పకు అర్థమైపోయింది. బెదిరించి ఉంటాడు. నీళ్లలో విషం కలిపేవాడిని కూడా 'ఆయన' అంటోందంటే, ఎంత భయపెట్టి ఉండాలి?

జయరాముడు పకపకా నవ్వాడు. "దాన్ని తెల్లార్లూ అడిగినా చెప్పదు సార్. ఒక మాట జెప్తాండా, అందరూ ఇనండి. అది నా పేరు జెప్తే ఈ పూటే తూము మూపిచ్చి, ఊరి బయట గుంత తవ్విస్తా. వంకలోకి చుక్క వదిలితే అడగండి."

నలుగురిలో ఆడమనిషిని పట్టుకుని 'అది' అంటాడా? శ్రీరంగప్పకు ఒళ్లు మండింది.

"మర్యాదగా మాట్లాడండి," అని గద్దించాడు.

వీధిలో ఒక్కరూ ఆమె పక్షాన మాట్లాడలేదు. పైగా ఒకరి వెనక ఒకరు దాక్కుని ముసిముసిగా నవ్వుకుంటున్నారు. ఇదేం వీధిరా నాయనా అనుకున్నాడు.

"భయపడకమ్మా. నేనున్నా."

"భయమా? నాకా?"

హనుమంతమ్మ గుమ్మాల వెంట వేలాడే పోగులు చూసింది. తిప్పమ్మను చూసింది. నడుముకు బిగించిన కొంగు తీసి తలమీదుగా కప్పుకుంది. గొంతు సవరించుకుంది.

"జయరాముడు," అంది. "రంగుల కొట్టం జయరాముడు. మా బాయిల్లోకి విషం వదిలేది ఈ జయరాముడే. సాలునా సార్, ఇంగొకసారి జెప్పల్లా? ఇప్పుడు నోరు తిరిగింది."

ఆడవాళ్లు నోళ్లకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఆదెన్న ఈల వేశాడు. జయరాముడు కొట్టంలోని మనుషులను పారలు తెమ్మని సైగ చేశాడు.

పేరు చెప్పినందుకు ఇంత గోలేమిటో శ్రీరంగప్పకు అంతుబట్టలేదు. తిప్పమ్మ దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"అవ్వా, నేను పోయాక ఆవిణ్ణి వాడు ఏమన్నా చేస్తాడా?"

తిప్పమ్మ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

"ఏం జేస్తాడు సార్, రేత్రికి ఆయమ్మ పెట్టే సంగటే గదా తినాల, పెండ్లయి ఇరవై ఏండ్లకు మొగుని పేరు ఆయమ్మ నోట రావడం ఇదే మొదులు."