పొద్దుటి చెయ్యి

రొయ్యల షెడ్డు గేటు, ఊరి బస్సు, ఆఖరికి సొంతింటి తలుపు కూడా ఇప్పుడు అరచెయ్యి చూశాకే తెరుచుకుంటున్నాయి. పొద్దున నూకరత్నం చెయ్యి పెట్టగానే గేటు తెరుచుకుంది. రోజంతా ఐసు నీళ్లలో రొయ్యలు ఒలిచి, సాయంత్రం ఇంటికెళ్దామని అదే చెయ్యి పెడితే "గుర్తు తెలియని వ్యక్తి" అంది మిషను. వెనక వరసలో ఉన్న ఆడవాళ్లందరివీ అలా నాని, ముడతలు పడ్డ చేతులే.

"ఆరేదాకా కూర్చోండమ్మా, రోజూ ఉండేదేగా," అన్నాడు సూపర్వైజరు. "ఆ టైము మాత్రం డ్యూటీలోకి రాదు."

నూకరత్నం తడిచెయ్యి అతని టేబులు మీద, టీ గ్లాసు పక్కనే పెట్టింది.

"పొద్దున్న మీ మిషనుకి నచ్చిన చెయ్యే తెచ్చానండి. దాన్నిలా చేసింది మీ ఐసేనండి. నా చెయ్యి నాకిచ్చెయ్యండి, ఇంటికెళ్లిపోతాను."